ఇంటి నెట్: ఎంబీపీఎస్ కన్నా లైన్‌మ్యాన్ ముఖ్యం

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. చాలా ఏళ్లుగా ఫైబర్ నెట్ వాడుతున్నాం, మధ్యలో కంపెనీలు కూడా మార్చాం. మా ఆవిడ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, పిల్లల చదువు సగం వీడియోల మీదే నడుస్తుంది, అందుకని నెట్ పోతే మాకు పూట గడవడం కష్టం. కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న "జియోనా, ఎయిర్‌టెలా, యాక్టా, బీఎస్‌ఎన్‌ఎల్లా, ఏది మంచిది?" అని. ఊరంతటికీ పనికొచ్చే జవాబు దీనికి లేదు. ఒకే కంపెనీ మా వీధిలో బ్రహ్మాండంగా నడుస్తూ, రెండు వీధుల అవతల ఏడిపించవచ్చు. ఎందుకంటే బోర్డు మీద పేరు ఎవరిదైనా, మన గుమ్మం దాకా తీగ లాగేదీ, తెగితే వచ్చి అతికేదీ చాలాచోట్ల ఆ ఏరియా ఆపరేటరో, కాంట్రాక్టులో పనిచేసే కుర్రాళ్లో.

కాబట్టి కంపెనీ వెబ్‌సైట్ చూసేముందు మీ అపార్ట్‌మెంట్‌లోనే, వీలైతే మీ బ్లాక్‌లోనే వాడుతున్నవాళ్లని అడగండి. స్పీడ్ ఎంత అని కాదు. పోయినసారి మోడెమ్ మీద ఎర్ర లైట్ వచ్చినప్పుడు ఎన్ని గంటలకి బాగుచేశారు, లైన్‌మ్యాన్ ఫోన్ ఎత్తుతాడా, రాత్రి తొమ్మిదింటప్పుడు అందరూ సినిమాలు చూసే టైములో కూడా నెట్ నిలబడుతుందా అని అడగండి. మేము ఇంతకుముందు వాడిన కనెక్షన్ ప్లాన్ చవకే, స్పీడ్ టెస్ట్‌లో నంబర్లు కూడా బాగానే వచ్చేవి. కానీ వానాకాలంలో లైన్ తెగితే కంప్లైంట్ పెట్టేవాళ్లం, ఎవరూ వచ్చేవాళ్లు కాదు, సాయంత్రానికి "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ మాత్రం వచ్చేది. ఇప్పుడు వాడుతున్నది నెలకి కొంచెం ఎక్కువే, అయినా లైన్‌మ్యాన్ మా వెనక వీధిలోనే ఉంటాడు, ఆదివారమైనా వస్తాడు. ఆ తేడా డబ్బులు నేను సంతోషంగా కడుతున్నాను.

ఇంకో విషయం, తీగ ఎటు నుంచి వస్తోందో కూడా చూడండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్ తగిలి ఐదుగురు చనిపోయారు, ఆ తర్వాత విద్యుత్ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లని తొలగించడం మొదలుపెట్టారు, నగరంలో చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది. ప్రాణాల ముందు నెట్ ఎంత, ఆ చిక్కుముళ్లు ఎప్పుడో తీయాల్సినవి. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు మాత్రం ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి పెట్టుకుంటే మంచిది, అవసరమైన రోజు హాట్‌స్పాట్ ఆదుకుంటుంది.

ప్లాన్ విషయానికొస్తే, ప్రకటనలో 399 అంటే 18 శాతం జీఎస్టీతో 471 అవుతుంది. "అన్‌లిమిటెడ్" అన్నదానికి కూడా చాలా ప్లాన్లలో నెలకి 3,300 జీబీ హద్దు ఉంటుంది, మామూలు ఇంట్లో అది దాటడం అరుదు. నలుగురున్న ఇంటికి 100 ఎంబీపీఎస్ చాలు. 4కే వీడియోకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, మంచి క్వాలిటీ వీడియో కాల్‌కి నాలుగు లోపే సరిపోతుంది. ఎంబీపీఎస్ లెక్క బిట్లలో, ఫైలు సైజు ఎంబీ లెక్క బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైట్. అందుకని 100 ఎంబీపీఎస్ అంటే డౌన్‌లోడ్ సెకనుకి 12.5 ఎంబీ అని గుర్తుంటే "సగం కూడా రావట్లేదు" అని లైన్‌మ్యాన్‌తో గొడవ పడక్కర్లేదు. అప్‌లోడ్ స్పీడ్ ఎంతో మాత్రం అడిగి తీసుకోండి. పెద్ద ఫైళ్లు పంపేవాళ్లకి అదే ముఖ్యం. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తారు కానీ మొదట నెల ప్లాన్ తీసుకుని ఒక వానాకాలం చూడండి.

ఇప్పుడు ఇంట్లో వైఫై. జనం ఎక్కువగా టెన్షన్ పడేది ఇక్కడే, కంపెనీని తిట్టేదీ ఇక్కడే. నెట్ నెమ్మదిగా ఉంటే ముందు ఒక పని చేయండి: ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కి పెట్టి స్పీడ్ చూడండి. అక్కడ పూర్తిగా వస్తే లైన్ బాగున్నట్టే, లోపం మీ వైఫైది. అక్కడా రాకపోతే మోడెమ్ సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే కాంతి బలం, చూడండి. మాది మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటుంది. మైనస్ 27 దాకా పడిపోయిందంటే ఎక్కడో తీగ మడతపడిందో, అతుకు సరిగా లేదో, ఆ నంబర్ చెబితే లైన్‌మ్యాన్‌కి వెంటనే అర్థమవుతుంది. 200 ప్లాన్ కట్టినా 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే మోడెమ్‌కో రౌటర్‌కో (వైఫై పంచే పెట్టెకి) 100 ఎంబీపీఎస్ పోర్టే ఉండొచ్చు, లేదా ల్యాన్ కేబుల్‌లో ఒక జత తీగలు పోయి ఉండొచ్చు. దీనికి ప్లాన్ పెంచితే పైసా ఉపయోగం లేదు.

కంపెనీవాళ్లు మోడెమ్‌ని తీగ లోపలికొచ్చే చోటే, అంటే గుమ్మం పక్కనో టీవీ వెనకో బిగించి వెళ్లిపోతారు. మా ఇంట్లో అది చివరి పడకగదికి మూడు గోడల దూరం. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటుతుంది కానీ అపార్ట్‌మెంట్‌లో పక్కింటి, పైయింటి వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఉంటుంది, కాంక్రీటు గోడ వస్తే నీరసపడుతుంది. ఎక్కువ యాంటెన్నాలు కొంటే ఇది తీరదు, రౌటర్ ఇంటి మధ్యకి రావాలి. అందుకని మోడెమ్ నుంచి హాల్ మధ్య దాకా క్యాట్ 6 అనే రకం ల్యాన్ కేబుల్ లాగించి, అక్కడ తలకన్నా కొంచెం ఎత్తులో టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్ పెట్టాను. ఇంటి నెట్ మీద నేను పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా బాగా పనికొచ్చింది ఆ కేబులే. అలాగే రౌటర్‌ని మూసి ఉన్న షోకేస్‌లోనో, ఫ్రిజ్ వెనకో దాచకండి, గాలి తగలాలి.

సీ6 పెట్టె మీద 1200 అని రాసి ఉంటుంది. అది 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్ కలిపి గుండ్రంగా వేసిన లెక్క, ఏ ఒక్క ఫోన్‌కీ అంత రాదు. కానీ పోర్టులు గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్), ఏళ్ల తరబడి వాడినా హాల్లో 5 గిగాహెర్ట్జ్ మీద మా 200 ప్లాన్ మొత్తం అందుతోంది, ఒక గోడ అవతల కూడా కాల్స్ తెగవు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు మాత్రం వైఫై 6 (సీ6 కన్నా కొత్త తరం వైఫై) మోడల్ తీసుకోండి, గిగాబిట్ పోర్టులు ఉన్నాయో లేదో చూసుకోండి. తీగ లేకుండా ప్లగ్‌లో పెట్టే రిపీటర్లు నాకు నచ్చలేదు. అందుకున్న రేడియో మీదే తిరిగి పంపే రకాల్లో స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది.

కరెంటు పోయినప్పుడు మోడెమ్, రౌటర్ రెండూ బతికుండాలి. ఇన్వర్టర్ ఉన్నా మారే క్షణంలో అవి రీస్టార్ట్ అయితే మీటింగ్ తెగిపోతుంది. వీటి కోసమే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, మీ అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదివి దానికి తగ్గది కొనండి. మాకు ఇది పెట్టాక కరెంటు పోయిన సంగతి మా ఆవిడకి కాల్ అయ్యాకగానీ తెలియట్లేదు.

వెనక బాల్కనీలో మాత్రం ఇప్పటికీ సిగ్నల్ బలహీనమే. వచ్చే ఏడాది ఇంటికి రంగులు వేయించేటప్పుడు అటువైపు కూడా ఒక క్యాట్ 6 లాగించి, ఈ సీ6నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌తో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా పంచేలా, అక్కడికి మార్చి, హాల్లోకి వైఫై 6ది తెద్దామనుకుంటున్నాం.