భువనగిరిలో దిగండి, గుట్ట తర్వాత చూద్దాం

యాదగిరిగుట్టకు పోయేవాళ్లలో చాలామంది భువనగిరి కోటను కారు కిటికీలోంచి చూసి, ఎప్పుడైనా ఎక్కాలి అనుకుంటూ ముందుకు వెళ్లిపోతారు. మేం ఈసారి ఆ కోట కోసమే రైలెక్కాం. హైదరాబాద్‌కి సుమారు 50 కిలోమీటర్లు, కాజీపేట లైన్లో. పొద్దున సికింద్రాబాద్ వైపు వచ్చే బండ్లలో ఉద్యోగులు, కాలేజీ పిల్లలతో కాలు పెట్టే చోటుండదు కానీ, మనం పోయేది అటు కాదుగా, హాయిగా కూర్చుని వెళ్లాం.

కొండంతా ఒకటే రాయి, 500 అడుగుల పైనే. పడమటి చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడు, అంటే త్రిభువనమల్లుడు కట్టించాడంటారు. తర్వాత కాకతీయులు, గోల్కొండ నవాబులు ఏలారు. 1708లో వరంగల్‌ను దోచిన సర్వాయి పాపన్న అదే ఏడు ఇక్కడికీ దండెత్తాడు. ఆ నున్నటి బండను కింద నుంచి చూస్తే ఆయన తెగువ ఏపాటిదో తెలుస్తుంది. మెట్లు కొంతవరకు బాగున్నాయి, ఆ పైన రాతిలో తొలిచినవే, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. పైన పాత మహలు, ఫిరంగి, వాన నీటి గుంటలు ఉన్నాయి. నీడ మాత్రం లేదు. ఎనిమిదిన్నరకల్లా ఎక్కడం మొదలుపెట్టండి, నీళ్లు కిందే కొనుక్కోండి. 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాళ్లెక్కడం నేర్చుకుంది ఇక్కడే. పిల్లలకు ఈ మాట చెబితే సగం దూరం సణుగుడు లేకుండా నడుస్తారు!

2024లో తెరిచిన స్వర్ణగిరి వేంకటేశ్వరస్వామి గుడి ఊరి దగ్గరే. దీపాల వెలుగులో బాగుంటుంది, శని ఆదివారాలైతే క్యూ చూసి వెనక్కి తిరగాలనిపిస్తుంది. నన్నడిగితే దానికన్నా ఆలేరు దగ్గరి కొలనుపాక జైన మందిరానికి వెళ్లండి, ప్రశాంతంగా ఉంటుంది. చీరల మీద మనసున్నవాళ్లు పోచంపల్లి వైపు తిరగొచ్చు, కానీ మూడూ ఒకే రోజంటే ఆటోలకే డబ్బులు పోస్తారు.

రాత్రి ఉండటానికి భువనగిరిలో గది తీసుకోవడం దండగ. మేం మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుదామని తీసుకున్న లాడ్జిలో దుప్పటి మార్చమంటే "పొద్దుననే మార్చినం సార్" అన్నారు, ఏ పొద్దునో మరి. ఉండాలనుకుంటే గుట్ట కింద గదులు చాలా ఉన్నాయి. లేదంటే సాయంత్రం బండికి వచ్చేయండి.