స్పీకర్ల జత కోసం ప్రయాణం: కోఠి గల్లీ, డెమో గది, చెన్నై రిచీ స్ట్రీట్

టికెట్టు తీసుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్‌ను గోడ దగ్గర్నుంచి ముందుకు లాగి, దుమ్ము తుడిచి, వెనక స్పీకర్ టెర్మినళ్ళ పక్కన ఏం రాసుందో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ‘6 నుంచి 16 ఓమ్‌లు’ అనో, ‘కనీసం 8’ అనో ఉంటుంది. ఓమ్‌లంటే స్పీకర్ కరెంటుకి చూపే నిరోధం, అక్కడ రాసినదానికంటే తగ్గితే ఆంప్లిఫయర్ మీద భారం పడుతుంది. బజారుకెళ్ళాక ఏ జత కొనొచ్చు, దేని జోలికి పోకూడదు అన్నది ఆ ఒక్క ముక్కే తేలుస్తుంది. దాంతోపాటు హాలు కొలతలు, సోఫా నుంచి స్పీకర్ పెట్టే చోటికి దూరం, ఆ చోటికీ వెనక గోడకీ మధ్య ఎన్ని అంగుళాల ఖాళీ ఉందో కాగితం మీద రాసుకోవాలి. ఇవి లేకుండా వెళ్తే సేల్స్ కుర్రాడు ఏది బాగుందంటే అదే బాగున్నట్టు వినిపిస్తుంది.

మినీ సిస్టమ్ ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని మోడళ్ళలో ఒక్కో డబ్బాకి రెండు వైర్లు కాకుండా నాలుగు వెళ్తాయి. బాస్ పలికే వూఫర్‌కి ఒక ఆంప్లిఫయర్, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్‌కి ఇంకొకటి లోపలే విడిగా ఉంటాయి. అలాంటిదానికి మామూలు స్పీకర్ తగిలిస్తే సగం శబ్దమే వస్తుంది. అప్పుడు స్పీకర్ల ప్రయాణం వాయిదా వేసి ముందు ఆంప్లిఫయర్ సంగతి చూసుకోవడం మేలు.

ఇక్కడి లెక్కంతా పాతిక వేల చుట్టూ. స్పీకర్లకి 18 వేలు, వైరుకి వెయ్యి, స్టాండ్లకి మూడు వేలు, మిగిలింది రాకపోకలకి, బసకి. ఈ డబ్బుకి టవర్ల మీద, అంటే నేల మీద నిలబెట్టే పొడుగు స్పీకర్ల మీద ఆశ పెట్టుకోకూడదు. అదే ధరకి టవర్ ఇస్తున్నారంటే డబ్బు చెక్కపెట్టెకి పోయి, డ్రైవర్లకీ (వూఫర్, ట్వీటర్లు), వాటికి శబ్దాన్ని పంచే క్రాసోవర్ సర్క్యూట్‌కీ మిగలలేదని అర్థం. 5 లేదా 6.5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత, అంటే స్టాండు మీద పెట్టే చిన్న పెట్టెల జత సరైన దారి.

ముందు హైదరాబాద్ కోఠి. విజయవాడ వైపు నుంచి బస్సులో ఎంజీబీఎస్‌లో దిగితే మెట్రో గ్రీన్ లైన్‌లో తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. సీమ నుంచి రైల్లో వచ్చేవాళ్ళకి కాచిగూడ దగ్గర, అక్కణ్ణుంచి ఆటో చాలు. కోఠిలోని ఎలక్ట్రానిక్స్ బజారు గుజరాతీ గల్లీలో షట్టర్లు పదిన్నర, పదకొండు దాటితే గానీ సరిగ్గా లేవవు, ఆదివారం చాలావరకు మూసే ఉంటాయి. కాబట్టి శనివారం రాత్రి బయల్దేరి ఆదివారం పొద్దున దిగడం అంత తెలివితక్కువ ప్లాను ఇంకోటి లేదు.

గల్లీలో బాగా దొరికేవి విడి భాగాలు: వైరు, బనానా ప్లగ్గులు, టెర్మినల్ ప్లేట్లు, ఖాళీ పెట్టెలు, డ్రైవర్లు, చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్ బోర్డులు. కట్టిన స్పీకర్ జత మాత్రం ఇక్కడ కొనొద్దు. పెట్టె మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని ఉంటుంది. ఆ అంకె దేన్నీ కొలిచి వేసింది కాదు, ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా తట్టుకునే పవర్, ఎంతని అడిగితే జవాబు ఉండదు. వెనక నాలుగు స్క్రూలు విప్పి చూపించమంటే అసలు కథ తెలుస్తుంది. క్రాసోవర్ అని చెప్పినచోట ట్వీటర్‌కి వరసలో ఒకే ఒక కెపాసిటర్ వేలాడుతుంటుంది, వూఫర్‌కి అదీ ఉండదు. వూఫర్ పైస్థాయిల్లోనూ అరుస్తూ ఉంటుంది, ట్వీటర్ దానితో పోటీ పడుతుంది, గొంతు ముక్కుతో పాడినట్టు వస్తుంది. ఇంకో మోసం, కార్లలో వాడే 4 ఓమ్‌ల స్పీకర్లు రెండేసి ఒక పెట్టెలో ప్యారలల్‌గా కలపడం. అప్పుడు ఆంప్లిఫయర్‌కి కనపడేది 2 ఓమ్‌లు. పాట గట్టిగా పెట్టిన పదినిమిషాలకి ఆంప్లిఫయర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి తనంతట తానే ఆగిపోతే అదృష్టవంతులే, లేకపోతే ఔట్‌పుట్ ఐసీ పోతుంది. మల్టీమీటర్ వెంట ఉంటే ఇది అక్కడికక్కడే పట్టేయొచ్చు: 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద సుమారు 5.5 నుంచి 7 మధ్య, 4 ఓమ్‌లది 3 నుంచి 3.5 మధ్య చూపిస్తుంది. రెండు కంటే తక్కువ చూపిస్తే మాట్లాడకుండా కింద పెట్టేయాలి.

వైరు దగ్గర గల్లీవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలి. పారదర్శకమైన తొడుగులో ఎర్రగా మెరిసే లావు వైరు చాలాచోట్ల అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో ఒక పోగును గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చేత్తో పట్టుకుంటే కూడా తేలిక. అదే మందానికి దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పైగా మన ఉక్కపోతకి కొసలు పొడిబారి నల్లబడతాయి. నిఖార్సయిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరానికి, పోనూ రానూ పది మీటర్లు కలిపి, 0.12 ఓమ్ నిరోధమే ఇస్తుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు. 4 ఓమ్‌లవైతే, దూరం ఎక్కువైతే 2.5 తీసుకోవాలి. కరెంటు సామాన్ల షాపులో దొరికే మంచి కంపెనీ మల్టీస్ట్రాండ్ వైరు ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. వెయ్యి రూపాయలకి మీటరు చొప్పున అమ్మే ‘ఆడియోఫైల్’ వైరు జోలికి పోనక్కర్లేదు.

ఇక అసలు ఎంపిక డెమో గదిలో జరగాలి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వైపు ఉన్న హైఫై షోరూముల్లో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే కూర్చోబెట్టి వినిపిస్తారు. ఖరీదైన చోట తక్కువ బడ్జెట్ చెప్పడానికి మొహమాటపడే పనిలేదు. ఫోన్లోనే బడ్జెట్, ఆంప్లిఫయర్ మోడల్, వినాలనుకున్న జతల పేర్లు చెబితే, ఉన్నాయో లేవో తెలిసిపోతుంది, ఒక ప్రయాణం మిగులుతుంది.

వినాలనుకున్న పేర్లంటే ఇలాంటివి. వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1: సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 88 డెసిబెల్స్, 8 ఓమ్‌లు, బాస్ కోసం పెట్టే గాలి రంధ్రం వెనక. పోల్క్ టి15: 89, 8 ఓమ్‌లు. క్యూ అకౌస్టిక్స్ 3020ఐ: 88, 6 ఓమ్‌లు, వెనక రంధ్రం, మూయడానికి ఫోమ్ బిరడాలు కూడా ఇస్తారు. ఎలాక్ డెబ్యూ 2.0 బి5.2: 86, 6 ఓమ్‌లు, రంధ్రం ముందువైపు. ఇందులో కొన్ని పాత మోడళ్ళు, కొన్ని బడ్జెట్‌కి కాస్త పైన. స్టాక్ తీసేసే సమయంలోనో, డెమోకి వాడిన జతగానో అడిగితే చేతికందే ధరకి వస్తాయి. డెమో జతను తక్కువగా చూడక్కర్లేదు, వారంటీ కార్డు మీద ముద్ర, రెండు పెట్టెల సీరియల్ నంబర్లు, జీఎస్టీ బిల్లు సరిగ్గా ఉంటే చాలు.

ఆ డెసిబెల్ అంకెలు పక్కపక్కన చూస్తే చిన్న తేడాలే అనిపిస్తాయి. కానీ ప్రతి 3 డెసిబెల్స్‌కి రెట్టింపు పవర్ కావాలి. అంటే 89 ఉన్న జత 20 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 86 ఉన్న జత ఇవ్వాలంటే 40 వాట్లు పెట్టాలి. పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చునే హాల్లో, 88 ఉన్న జతకి మామూలు వినికిడికి ఒక వాటు సరిపోతుంది. తవిల్ దెబ్బ పడ్డప్పుడో, కోరస్ ఎత్తుకున్నప్పుడో అదే పాటలో క్షణంపాటు 15, 18 డెసిబెల్స్ పైకి లేస్తుంది. 1 వాటు కాస్తా 32, 64 అవుతుంది. ఆంప్లిఫయర్ దగ్గర అంత లేకపోతే సిగ్నల్ అలల తలలు కోసుకుపోతాయి, ఆ గరుకు ట్వీటర్‌ని కాలుస్తుంది. ట్వీటర్లు పోయేది ఎక్కువగా చిన్న ఆంప్లిఫయర్‌ని పూర్తిగా తిప్పడం వల్లే. కాబట్టి 20, 25 వాట్ల పాత ఆంప్లిఫయర్ ఉన్నవాళ్ళకి ఎలాక్ ఎంత నచ్చినా పోల్క్, వార్ఫ్‌డేల్ వైపు మొగ్గడమే మంచిది. 60 వాట్లు పైన, 6 ఓమ్‌లకి ఒప్పుకునేది ఉంటే ఏదైనా తీసుకోవచ్చు.

డెమో గదిలో కూర్చోగానే మూడు విషయాలు అడగాలి: సబ్‌వూఫర్ ఆపేశారా, టోన్ కంట్రోళ్ళు మధ్యలో ఉన్నాయా, బాస్ పెంచే లౌడ్‌నెస్ బటన్ ఆఫ్‌లో ఉందా. చాలాచోట్ల మూలన సబ్‌వూఫర్ మెల్లగా మోగుతూ ఉంటుంది. ఐదంగుళాల పెట్టె ఎంత బాస్ ఇస్తోందో అని మురిసిపోయి ఇంటికొచ్చాక అది మాయమవుతుంది. రెండు జతల మధ్య శబ్దం స్థాయి సమానం చేయమనాలి, ఫోన్లో డెసిబెల్ యాప్ పెట్టుకుని చూసినా చాలు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మనకి ‘బాగుంది’ అనిపిస్తుంది, చెవి స్వభావం అది.

వినడానికి తెలిసిన పాటలే తీసుకెళ్ళాలి, షోరూము పాటలు దేన్నైనా బాగా చూపించేవే ఉంటాయి. ఒక పాత మోనో పాట (రెండు పెట్టెల్లోనూ ఒకే శబ్దం వచ్చేది) ఉండాలి: గొంతు సరిగ్గా రెండు పెట్టెల మధ్య గాల్లో నిలబడాలి, ఎడమకో కుడికో జరిగితే పెట్టెలు సరిగ్గా పెట్టలేదు, లేదా ఒకదానిలో ఏదో లోపం. మృదంగం ఉన్న కచేరీ ముక్క ఒకటి: కుడివైపు చాపు టకటకలాడాలి, ఎడమ తొప్పి గుమ్మనాలి గానీ ‘బుం’ అని సాగకూడదు. ‘స’, ‘శ’లు ఎక్కువున్న ఆడగొంతు పాట ఒకటి. ఇరవై నిమిషాలు విన్నాక ఆ ‘స’లు చెవిలో గుచ్చుకుంటే ఆ జత వద్దు. షోరూములో తివాచీ, పరదాలు మింగేసినంత పదును మన విట్రిఫైడ్ టైల్స్ హాలు మింగదు, ఇంట్లో అది ఇంకా గుచ్చుకుంటుంది.

చిన్న డిజిటల్ ఆంప్లిఫయర్‌ని వెంట తీసుకెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆ బోర్డుల్లో చాలావాటికి నెగటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాన్నుంచీ సిగ్నల్ వస్తుంది. షాపుల్లో జతలు మార్చి వినిపించే స్విచ్ బాక్సులు కొన్నిట్లో ఎడమ, కుడి నెగటివ్‌లు లోపల కలిసి ఉంటాయి. తగిలించిన క్షణంలో బోర్డు పోతుంది. నేరుగా వైరు మార్చి వినిపించమనాలి, కొంచెం విసుక్కున్నా సరే.

చెన్నై ఎవరు వెళ్ళాలి? నెల్లూరు, ఒంగోలు, తిరుపతి వాళ్ళకి హైదరాబాద్ కంటే అదే దగ్గర. మిగతావాళ్ళు కొత్త జత కోసమైతే వెళ్ళక్కర్లేదు. సొంతంగా పెట్టె కట్టుకునేవాళ్ళకి, పాత సామాను ఏరుకునేవాళ్ళకి మాత్రం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ గుజరాతీ గల్లీ కంటే లోతు. సెంట్రల్‌లో దిగితే మెట్రో బ్లూ లైన్‌లో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్ తర్వాతిదే, అక్కణ్ణుంచి నడక. అరవం రాకపోయినా పని జరుగుతుంది, హిందీ, కాస్త తెలుగు నడుస్తాయి. పాత జత చూసేటప్పుడు గ్రిల్ తీసి వూఫర్ అంచు వేలితో మెల్లగా నొక్కాలి. ఫోమ్ అంచైతే సముద్రపు గాలికి పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు అంచైతే ఏళ్ళు గడిచినా మెత్తగా ఉంటుంది. కోన్‌ని రెండు బొటనవేళ్ళతో సమానంగా లోపలికి నొక్కినప్పుడు గరగర వినిపిస్తే లోపలి తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోంది. అది తగ్గే జబ్బు కాదు. హైదరాబాద్‌లో ఇలాంటి వేటకి ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది, మెట్రో రెడ్ లైన్ మీదే. అక్కడ బిల్లూ ఉండదు, వాపసూ ఉండదు. మీటర్, ఒక పెన్ను సెల్లు జేబులో లేకుండా వెళ్ళొద్దు.

బస విషయంలో సౌకర్యం కంటే పెట్టె ముఖ్యం. హైదరాబాద్‌లో ఒక్క రోజు పనికి గది అవసరమే లేదు. ఉండాల్సొస్తే కాచిగూడ, నాంపల్లి లాడ్జీలు ఖర్చులో తక్కువ. గది తీసుకునే ముందు లిఫ్టు ఉందా, పనిచేస్తోందా అడగాలి, పదిహేను కిలోల కార్టన్‌తో మూడో అంతస్తు ఎక్కడం సరదా కాదు. చెన్నైలో ఎగ్మూర్ స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్ లాడ్జీలు రిచీ స్ట్రీట్‌కీ రైలుకీ మధ్యలో ఉన్నట్టే. ట్రిప్లికేన్ మాన్షన్లు ఇంకా చవక, కానీ వాటి గదులు ఇరుకు, పెట్టె పెడితే మనిషికి చోటుండదు. స్టేషన్ క్లోక్‌రూములో తాళం లేని సామాను తీసుకోరు, అట్టపెట్టెకి తాళం ఎక్కడేస్తాం? అందుకే కొనడం ప్రయాణంలో చివరి పనిగా పెట్టుకుని, షాపు నుంచి నేరుగా ప్లాట్‌ఫామ్‌కి వెళ్ళడం ఒక్కటే దారి.

రైల్లో స్లీపర్ టికెట్టుకి 40 కిలోలు ఉచితం, బరువుతో పేచీ రాదు. పేచీ అంతా కొలతతో. స్లీపర్‌లో 100×60×25 సెంటీమీటర్ల దాకా, థర్డ్ ఏసీలో 55×45×22.5 దాకానే పెట్టె వెంట ఉంచుకోవచ్చని రూలు, మించితే బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేయాలి. టేపు పట్టుకుని కొలిచే టీటీఈ అరుదు గానీ, సీటు కింద ఎత్తు మాత్రం రాజీపడదు. షాపులోనే కార్టన్‌ని కొలిచి, లావైతే రెండు స్పీకర్లనీ విడివిడిగా ప్యాక్ చేయించుకోవాలి. ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు, చవక కూడా. కాకపోతే థర్మకోల్ మూలలు ఉన్న అసలు కార్టన్ అయితేనే. పాత జతను గోనెలో చుట్టి పంపితే పెట్టె మూల నలిగి రావడం ఖాయం.

ఇంటికొచ్చాక పెన్ను సెల్లుతో ఒక పరీక్ష. పాజిటివ్‌ని ఎర్ర టెర్మినల్‌కి, నెగటివ్‌ని నల్లదానికి క్షణంపాటు తాకిస్తే వూఫర్ బయటికి కదలాలి. రెండు స్పీకర్లూ ఒకేలా కదలాలి. ఒకటి లోపలికి వెళ్తే దాని లోపలి వైర్లు తిరగబడ్డాయి, బాస్ అంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట పలచబడిపోతుంది. ‘కొత్త స్పీకర్లలో బాస్ లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, కాకపోతే ఆంప్లిఫయర్ దగ్గర ఒకవైపు ఎరుపు, నలుపు తారుమారు కావడం. స్టాండ్లు వడ్రంగి చేత చేయిస్తే 60 సెంటీమీటర్ల ఎత్తు చెప్పాలి, అప్పుడు ట్వీటర్ సోఫాలో కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకి దగ్గరగా వస్తుంది. వెనక రంధ్రం ఉన్న జతని గోడకి జానెడు కంటే దగ్గరగా జరపక తప్పకపోతే రంధ్రంలో ఫోమ్ బిరడా పెట్టాలి. బిరడా రాకపోతే, ఒక పాత మేజోడు మడిచి దూర్చినా ఆ ‘బుం’ తగ్గుతుంది.