మా గౌరికి ఏ ఆబోతు మేలు?

గౌరి మా ఇంట్లో పుట్టిన ఒంగోలు ఆవు. దాని అన్న, అంటే అదే తల్లికి ముందు ఈతలో పుట్టిన కోడె, బండలాగుడు పోటీల్లో, పళ్లను బట్టి వయసు లెక్కగట్టే రెండు పళ్ల విభాగంలోనూ నాలుగు పళ్ల విభాగంలోనూ బండ లాగింది. గౌరికి కూడా అలాంటి కోడె పుట్టాలని ఇంటిల్లిపాదికీ ఆశ. కానీ వచ్చే ఎదకు ఏ ఆబోతు అన్న దగ్గర నెల రోజులు మాట తెగలేదు. మద్దిపాడు వైపు గుండ్లకమ్మకు దగ్గరలో మా ఊరు. ఇక్కడ ఒంగోలు ఆవు ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ చర్చ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందుకే మేం ఏమేం చూశామో, చివరికి ఎందుకు అలా తేల్చుకున్నామో రాస్తున్నాను.

మా ముందు మూడు దారులున్నాయి. పక్క ఊళ్లో ఒక ఆసామి దగ్గరున్న పేరున్న పోటీ గిత్త. మా ఊళ్లో దేవుడి పేరున వదిలిన ఆబోతు. లేదంటే పశువుల ఆసుపత్రిలో ఎద సూది, అంటే ఆబోతుతో దాటించకుండా నిల్వ ఉంచిన దాని వీర్యంతో చూడి కట్టించడం. జెర్సీ సూది మాట ఎవరో ఎత్తారు గానీ దాన్ని మొదటే పక్కన పెట్టాం. పాల కోసమే అయితే అది వేరే లెక్క. మూపురం సరిగా లేని కోడెకు కాడి నిలవదు, మన ఎండకు అది ఆగలేదు.

ఊరి ఆబోతు సంగతి కూడా తొందరగానే తేలిపోయింది. అది మంచిదే, సాధువు, పిల్లలు మూపురం నిమిరినా ఏమీ అనదు. ఖర్చు లేదు. కానీ గౌరి తండ్రి అదే. తండ్రినీ కూతురినీ కలిపితే పుట్టే దూడలో నాలుగో వంతు జన్యువులు రెండు వైపులా ఒకటే అయ్యే అవకాశం ఉంటుంది. దాగి ఉన్న లోపాలు బయటపడేది అక్కడే. ఎదుగుదల తగ్గుతుంది, చూడి కట్టడం కష్టమవుతుంది. ఊళ్లో ఒకే ఆబోతు ఏడెనిమిదేళ్లు తిరిగితే దాని కూతుళ్లందరికీ మళ్లీ అదే దిక్కవుతుంది. దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ.

ఇక మిగిలింది రెండు. అసలు తర్జనభర్జన అంతా వీటి మధ్యే.

గిత్తను చూడటానికి నేనూ మా బాబాయీ వెళ్లాం. వరండాలో వరసగా షీల్డులు. గిత్తను బయటికి తోలుకొచ్చేసరికి మా బాబాయి లేచి నిలబడిపోయాడు. "ఏరా, ఆ ఛాతీ చూశావా!" అన్నాడు. నిజమే, చూడాల్సిన ఛాతీయే. నిటారు వీపు, పొట్టి కొమ్ములు, ముంగాళ్ల మధ్య జానెడుకు మించిన ఎడం, మెడ మీద ముదురు బూడిద రంగు, గంగడోలు బొడ్డు దాకా మడతలు పడి ఉంది. నేను ఆసామిని, "దాని తల్లి ఉందా అన్నా?" అని అడిగాను. "ఎప్పుడో సంతలో అమ్మేశాం తమ్ముడూ" అన్నాడు.

నీళ్ల తొట్టి దగ్గర తడి నేల ఉంటే, ఆ బురద మీదుగా రెండుసార్లు నడిపించమన్నాను. గిత్తను చూసేటప్పుడు ఎదురుగా నిలబడి చూడటం కంటే వెనక నుంచి అడుగులు చూడటం మేలు. వెనక గిట్ట ముందు గిట్ట అచ్చులో పడాలి, లేదా దాన్ని దాటి పడాలి. ఈ గిత్తకు దాటే పడింది. అడుగు బారు బాగుంది. కానీ వెనక కాళ్ల కీళ్లు లోపలికి, ఒకదానికొకటి ఒరుసుకునేంత దగ్గరగా ఉన్నాయి. గౌరికి ఉన్న ఒకే ఒక్క లోపం సరిగ్గా అదే. ఇంకొకటి, బొడ్డు కింద తోలు బాగా జారి ఉంది. అలా వేలాడితే ముళ్లకూ మోళ్లకూ గీరుకుని పుళ్లు పడతాయి, ఆ గుణం కొడుకులకూ దిగుతుంది.

దాని దూడలు ఆ ఊళ్లో ఎక్కడున్నాయని కనుక్కుని మూడింటిని చూశాం. రెండింటికి వెనక కాళ్లు తండ్రివే.

షీల్డుల గురించి మా బాబాయి వాదన తీసిపారేసేది కాదు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే అక్కడ లెక్క, అందులో మోసం లేదు. కానీ ఆ అడుగుల్లో ఉలవల దాణా ఉంది, నెలల తరబడి చేయించిన సాధన ఉంది, తోలేవాడి నేర్పు ఉంది, జతలో రెండో గిత్త బలం ఉంది. ఇవేవీ దూడ రక్తంలోకి రావు. వచ్చేది ఎముక, కీలు, గిట్ట, నడక, నిదానం. అవి దూడల్లో కనబడ్డాయా లేదా అన్నదే నాకు ముఖ్యం.

రోగాల భయం కూడా మాకు అనుభవమే. నాలుగేళ్ల కిందట గౌరి తల్లిని వేరే ఊరి ఆబోతుతో దాటించాం. మూడు వారాలకు మళ్లీ ఎదకొచ్చింది. మళ్లీ దాటించాం, మళ్లీ తిరిగి పొర్లింది. మూడోసారి కూడా అంతే. డాక్టరు గారు చూసి గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ ఉందని, దాటడంలో వచ్చి ఉండొచ్చని చెప్పారు. మందులు వాడి అది మళ్లీ చూడి కట్టేసరికి దాదాపు ఏడాది పోయింది. ఆ ఆబోతుకు రక్తపరీక్ష చేయించారా అని ఆ రోజు మేం అడగలేదు. ఇప్పుడైతే ఆవుల్లో చూడి పోగొట్టే బ్రూసెల్లా రోగం లేదన్న పరీక్ష కాగితం చూపించకుండా ఎంత పేరున్న గిత్త దగ్గరికైనా ఆవును తోలను.

అలాగని సూదికి లోటు లేదని కాదు. ఆబోతుకు తెలిసిన సమయం మనిషికి తెలియదు. ఒంగోలు ఆవు ఎద చాలాసార్లు పన్నెండు గంటలకు మించి ఉండదు. కొన్ని పైకి కనబడని మూగ ఎదలు, కొన్ని అర్ధరాత్రి మొదలై తెల్లారేసరికి సగం అయిపోతాయి. మన దేశంలో సూది ఒకసారి వేస్తే చూడి కట్టేది నూటికి 35 ప్రాంతంలోనే ఉందంటే అందులో పెద్ద భాగం వేళ తప్పడమే. పొద్దున ఎద కనబడితే ఆ సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయించాలి. పొలం పనుల్లో పడి ఎదను కనిపెట్టలేని ఇంటికి ఆబోతే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు.

రెండో లోటు, "ఒంగోలు సూది వేయండి" అని ఊరుకుంటే వీర్యం నిల్వ ఉంచే క్యాన్‌లో ఏది ఉంటే అది వేస్తారు. వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటారు, ప్రతి స్ట్రా మీద ఆబోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది. అడగాల్సింది ఆ నంబరు. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం, మన జిల్లాలో చదలవాడ పశుక్షేత్రం ఒంగోలు జాతి మీదే పనిచేస్తున్నాయి. సూదికి వాడే ఆబోతులను ఎంచేటప్పుడు జాతి లక్షణాలు, ఎదుగుదల, తల్లి పాల లెక్క చూస్తారు, రోగ పరీక్షలు చేస్తారు. బండ లాగించి మాత్రం చూడరు. ఆ పని మనమే చేసుకోవాలి.

మేం చేసుకున్నాం. ఊళ్లు తిరిగి ఈ సూదులు వేసే మా గోపాలమిత్ర తన రిజిస్టరు తిరగేసి, ఒక నంబరు సూదికి చుట్టుపక్కల పుట్టిన దూడల ఇళ్లు చెప్పాడు. ఒకటి పద్నాలుగు నెలల కోడె, ఇంకొకటి రెండు పళ్లు వేసి కాడి నేర్చుకుంటోంది. రెండింటికీ వెనక కాళ్లు స్తంభాల్లా నిలువుగా ఉన్నాయి. ఛాతీ ఆ పోటీ గిత్తంత లేదు, ఒప్పుకుంటాను. కానీ ఛాతీ గౌరి దగ్గర ఉంది, దాని అన్న దగ్గరా ఉంది. మాకు కావాల్సింది కాళ్లు.

ఇంకో సంగతి కూడా మనసులో పడింది. ఆవు జీవితమంతా కన్నా పదో పన్నెండో దూడలు, ఆబోతు ప్రభావం మాత్రం తరాలకు పాకుతుంది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో 1960ల మొదట్లో బ్రెజిల్ వెళ్లిన ఒక్క ఆబోతు అక్కడి నెలోర్ జాతికి మూలపురుషుల్లో ఒకటి అయింది. ఆ నెలోర్ అన్న పేరు కూడా మన నెల్లూరుదే. ఒక ఆబోతు మంచి అంత దూరం పోతే, చెడు కూడా అంతే దూరం పోతుంది.

కాబట్టి గౌరికి సూదే అనుకున్నాం. ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన సూదులు వస్తున్నాయి కదా, అది వద్దని ముందే చెప్పి పెట్టాం. పదింట తొమ్మిది పెయ్యలే పుడితే కోడె ఆశ తీరదు. మా బాబాయి ఆవు విషయంలో మాత్రం నా మాట వేరు. దానికి కాళ్లు నిటారు, ఛాతీ ఇరుకు. పరీక్ష కాగితం చూపిస్తే ఆ పోటీ గిత్తే దానికి సరిజోడు. అదే తొలిచూలు పెయ్య అయితే అంత బరువు గిత్తను దాని మీదికి తోలమని ఎవరికీ చెప్పను.

పోయిన నెల ఒక సోమవారం కోడి కూసే వేళ గౌరి అరిచింది. తోక కింద గాజు తీగలా జిగురు వేలాడుతోంది. సాయంత్రం గోపాలమిత్ర వచ్చాడు. క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ నేల మీదికి జారింది. పుల్లంత సన్నటి స్ట్రా, మైనస్ 196 డిగ్రీల నుంచి తీసి ముప్ఫై ఏడు డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో అరనిమిషం ఉంచాడు. తుడిచి, చివర కత్తిరించే ముందు నా ముందు పట్టుకుని, "నంబరు చూసుకో అన్నా" అన్నాడు. చూసి, గొడ్లసావిడి తలుపు వెనక సుద్దముక్కతో రాశాను. దాని పక్కనే తేదీ, ఇరవై ఒకటో రోజు తేదీ, మూడు నెలల చూడి పరీక్ష తేదీ.

ఇరవై ఒకటో రోజు నిన్ననే దాటింది. గౌరి అరవలేదు.