ఏడేళ్ల వీఎంసీ వాడకం: రిజిడ్ ట్యాపింగ్ నచ్చింది, కానీ…

బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు. మందుల కంపెనీల యంత్రాలకు అల్యూమినియం ప్లేట్లు, గాలి వాల్వులకు మానిఫోల్డ్ బ్లాకులు (లోపల గాలి దారులున్న లోహపు దిమ్మలు) చేస్తాం. ఏడేళ్ల క్రితం సెకండ్ హ్యాండులో కొన్న మూడు అక్షాల వీఎంసీయే (కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని చెక్కే నిలువు మిషన్) మాకు అన్నం పెడుతోంది. దాంతో పాకెట్లు (గుంటలు), బోర్లు (గుండ్రటి రంధ్రాలు) చెక్కడం గురించి అందరికీ తెలిసిందే. నా మనసు దోచుకున్నది మాత్రం రిజిడ్ ట్యాపింగ్, అంటే రంధ్రం లోపల త్రెడ్లు (మర) కోసే ట్యాపు అనే పనిముట్టును మిషనే తిప్పి దించడం.

చేత్తో ట్యాపు కొట్టిన వాళ్లకే దాని విలువ తెలుస్తుంది. ఒక్కో రంధ్రానికి మూడు ట్యాపులు మార్చాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య నూనె. కాస్త వంకర పోయిందా, ట్యాపు పుటుక్కుమంటుంది. వీఎంసీలో పనిముట్టును పట్టి తిప్పే స్పిండిల్ తిరగడమూ, దాన్ని కిందికీ పైకీ కదిపే జెడ్ అక్షం దిగడమూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఎం6 (6 మి.మీ. మర) ట్యాపు పిచ్, అంటే ఒక్క చుట్టుకు దిగే దూరం, 1 మి.మీ. కాబట్టి స్పిండిల్‌ను నిమిషానికి 500 చుట్లు తిప్పితే జెడ్ సరిగ్గా 500 మి.మీ. వేగంతో దిగుతుంది. అడుగుకు చేరాక ఎదురు తిరిగి వచ్చిన దారినే బయటపడుతుంది. 18 మి.మీ. దిగి రావడానికి ఐదు సెకన్లు చాలు. మొదటి ఏడాది నేను దీన్ని కనిపించిన ప్రతివారి దగ్గరా పొగిడాను. చేతి ట్యాపు రెంచిని అటక మీద పడేశాను.

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఒక సాయంత్రం 48 ఎం6 రంధ్రాలున్న బ్లాకు మీద ఉన్నాం. మిల్లింగ్, డ్రిల్లింగ్ అన్నీ అయిపోయాయి, ట్యాపింగే మిగిలింది. 41వ రంధ్రంలో ట్యాపు దిగుతుండగా కరెంటు పోయింది. టార్చి వేసి చూస్తే ట్యాపు 14 మి.మీ. లోతులో బిగుసుకుని ఉంది. అరగంటకు కరెంటు వచ్చింది. మా ఆపరేటర్ కుర్రాడు జెడ్‌ను పైకి ఎత్తబోయాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. స్పిండిల్ తిరగకుండా జెడ్ ఒక్కటే లేస్తే ట్యాపు విరుగుతుంది, లేదా త్రెడ్లన్నీ ఊడి వస్తాయి. రెండు రోజుల పని అక్కడే గంగలో కలిసేది.

ట్యాపును పట్టి ఉంచే కొలెట్ నట్టును స్పానర్‌తో మెల్లగా వదులు చేశాం. ట్యాపు జాబులోనే (చేస్తున్న బ్లాకులోనే) నిలిచింది. హ్యాండ్‌వీల్‌తో జెడ్‌ను ఒక్కో గీత చొప్పున పైకి తీశాం. ఆ తరవాత అటక మీది ట్యాపు రెంచి దించి, చుట్టు చుట్టుకీ లెక్క పెడుతూ తిప్పాను. పద్నాలుగో చుట్టుకు ట్యాపు చేతిలోకి వచ్చింది. మిగిలిన 4 మి.మీ. కూడా చేత్తోనే కొట్టి, త్రెడ్ల కొలత సరిచూసే గేజి పెట్టి చూశాం. దిగాల్సిన గో వైపు హాయిగా దిగింది, దిగకూడని నో-గో వైపు పట్టలేదు. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

కరెంటు వచ్చాక ట్యాపును మిషనే వెనక్కి తిప్పి తీసే సదుపాయం కొన్ని కంట్రోలర్లలో (మిషన్‌ను నడిపే కంప్యూటర్లలో) ఉంది. మా దాంట్లో అది లేదనీ, విడిగా డబ్బు కట్టాలనీ అమ్మినవాళ్లు ఆ తరవాత చెప్పారు. కొనేటప్పుడు ఒక్క మాటైనా అనలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

చివర మూసుకుపోయే రంధ్రాల్లో చిప్పు (కోసిన లోహపు తురుము) ఇరుక్కుని విరిగిన ట్యాపులూ ఉన్నాయి. అల్యూమినియానికి ఇప్పుడు ఫార్మ్ ట్యాపులు వాడుతున్నాను. అవి లోహాన్ని కోయవు, నొక్కుతాయి కాబట్టి చిప్పు రాదు. ఎం6కు 5 బదులు 5.5 మి.మీ. డ్రిల్లు వేయాలి.

నాది అల్యూమినియం పని, ఒక్కో ఆర్డరు యాభై నుంచి రెండు వందల జాబులు. ఆ లెక్కన నాకు ఈ మిషన్ డబ్బుకు తగినదే. నెలకు ఒకటీ అరా స్టీలు జాబులు చేసేవాళ్లకు ఇదే మాట చెప్పలేను. జనరేటర్ ఉన్న షెడ్డులోనూ కరెంటు పోయిన క్షణానికి మిషన్ ఆగిపోతుంది కాబట్టి, ట్యాపు వెనక్కి తీసే సదుపాయం ఉందో లేదో కొనకముందే నడిపించి చూపించమని అడగండి.