ఐదేళ్ల రెడ్‌బ్రెస్ట్, ఒక విరిగిన బిరడా

రెడ్‌బ్రెస్ట్ 12 అనే ఐరిష్ విస్కీ లేబుల్ మీది పిట్ట గురించి, పన్నెండేళ్ల వయసు గురించి, షెర్రీ అనే స్పెయిన్ వైను పీపాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఐదేళ్లుగా దాని సీసా ఒకటి మా అల్మరాలో ఉంటూనే ఉంది. నన్ను పట్టి ఉంచింది మాత్రం ఒక్కటే, అది నాలుక మీద పరుచుకునే తీరు. మింగేశాక కూడా పల్చటి నెయ్యి పూత లాంటిదేదో అంగిట్లో మిగిలిపోతుంది. దాని వెనకే మిరియాల ఘాటు తాపీగా వస్తుంది.

ఈ చిక్కదనం పచ్చి బార్లీ, అంటే మొలకెత్తించని బార్లీ చలవ. స్కాట్లాండు సింగిల్ మాల్ట్ విస్కీలో మొలకెత్తించిన బార్లీ తప్ప మరో గింజ ఉండదు. రెడ్‌బ్రెస్ట్ లాంటి ఐరిష్ పాట్ స్టిల్ విస్కీలో మొలకెత్తించినది కనీసం 30 శాతం, మొలకెత్తించనిది కనీసం మరో 30 శాతం ఉండి తీరాలి. ఈ అలవాటు బలపడింది పన్ను బాధ వల్ల. ఐర్లండులో 1785లో మాల్ట్ మీద, అంటే మొలకెత్తించిన గింజ మీద పన్ను పడింది. బట్టీలవాళ్లు పన్ను లేని పచ్చి గింజను కలిపి ఖర్చు తగ్గించుకున్నారు. ఆ పన్ను ఎప్పుడో పోయినా పచ్చి గింజను మాత్రం వదల్లేదు. మా అమ్మ రాగిజావ కాచేటప్పుడు చూసేవాడిని: మొలకెత్తించిన రాగుల పిండి పల్చగా జారిపోయేది, మామూలు పిండి గరిటెను పట్టుకుని వేలాడేది. బట్టీలో ఆవిరై వచ్చే సారాలోకి పిండి రాదు కాబట్టి ఈ పోలికను శాస్త్రమని ఎవరూ పట్టుకోవద్దు. నాకైతే గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ గరిటే గుర్తొస్తుంది.

ఇక అసలు కథ. ఉద్యోగరీత్యా నేను ఉండేది ఐర్లండులోని కార్క్ నగరంలో. ఈ విస్కీ పుట్టే మిడిల్టన్ మా ఊరికి తూర్పున, బస్సులో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉంది. ఆ చుట్టరికంతో నాకు విస్కీ మీద పెద్దరికం వచ్చేసింది. రెండేళ్ల కిందట హైదరాబాదు వెళ్తూ మా బావగారికి ఒక సీసా పట్టుకెళ్లాను. ఆయన ఏ వస్తువైనా మంచి రోజు కోసం దాచుకునే మనిషి. ఎక్కడ పెట్టమంటావని అడిగితే, వైను సీసాలను అడ్డంగా పడుకోబెట్టడం ఎక్కడో చూసిన జ్ఞాపకంతో, ‘‘పడుకోబెట్టండి బావగారూ, బిరడా ఎండిపోకుండా ఉంటుంది’’ అని సలహా ఇచ్చాను. ఆయన బీరువాలో పట్టుచీరల కింది అరలో, తుండు చుట్టి మరీ పడుకోబెట్టారు.

పదహారు నెలల తరవాత మళ్లీ వెళ్లాను. అక్క మిరియాలు దంచి కోడి వేపుడు చేసింది. బావగారు సీసాను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తెచ్చారు. బిరడా తిప్పగానే మెత్తగా ఒక చప్పుడు. పైన ఉన్న మూత ముక్క ఆయన చేతిలో, కింది ముక్క సీసా మెడలో. అంతవరకు నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది: వైనులో ఉండే మద్యసారం పన్నెండు, పదమూడు శాతమే. ఇందులో 40 శాతం. అన్ని నెలలు తాకుతూ ఉంటే కార్కు చెక్క పొడిపొడి కాక ఏమవుతుంది? విస్కీని నిలబెట్టే దాచాలి. ఎండకు, వేడికి దూరంగా ఉంచితే ఇంకా మంచిది.

ఆ తరవాతి అరగంట శస్త్రచికిత్స. కూరగాయల కత్తి మొనతో గీరితే ముక్క ఇంకా లోపలికి దిగింది. అల్లిక సూదితో పొడిస్తే పొట్టు రాలింది. చివరికి దాన్ని లోపలికే తోసేసి, టీ వడకట్టే జల్లెడ మీద చేతిరుమాలు పరిచి, మొత్తం స్టీలు చెంబులోకి వంచాము. బంగారు రంగు విస్కీ మీద గోధుమ రంగు నలకలు తేలుతుంటే బావగారు నా వైపు చూసి, ‘‘ఏమోయ్, ఉండే ఊరు కార్కు, తెలియనిది కార్కు సంగతి’’ అన్నారు. ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మర్నాటికి దాచడానికి గాజు సీసా కావాలి. దొరికింది గులాబీ షర్బత్ సీసా. అక్క మూడుసార్లు వేడినీళ్లతో కడిగింది, అయినా వాసన పోలేదు. రెండో రోజు పోసుకుంటే మొదట వచ్చింది పెళ్లి పందిట్లో పన్నీరు చల్లినట్టు గులాబీ. ఎండుద్రాక్ష, ఖర్జూరం జాడే లేదు, షెర్రీ పీపా ఇచ్చిన తీపి అంతా ఆ పన్నీటిలో మునిగిపోయింది. కానీ మింగిన తరవాత ఆ జిడ్డుదనం, మిరియాల వేడి చెక్కు చెదరకుండా అక్కడే ఉన్నాయి. అంత అవమానం జరిగాక కూడా మిగిలినది ఏదో ఆ సాయంత్రమే నాకు తెలిసింది.

అందుకే మొదటి రోజుల్లో స్నేహితులకు నేను చేసిన వర్ణనలను కొంచెం సవరించుకోవాలి. ‘ఎండుద్రాక్ష పాకం’ అని ఊరంతా చాటాను. సీసా తెరిచిన మొదటి నెలలో అది నిజమే. నేను వారానికి ఒక్కసారి, ఇక్కడి పబ్బు కొలతలో, అంటే 35.5 మిల్లీలీటర్లు పోసుకుంటాను. ఆ లెక్కన 700 మిల్లీలీటర్ల సీసా నాలుగున్నర నెలలు వస్తుంది. సగానికి దిగాక లోపల గాలి పెరిగి, పాకం కాస్తా చప్పబడిపోతుంది. చివరి నాలుగైదు వారాలు తాగేది ఘాటు, గింజ రుచి మాత్రమే. నాకు అదే ఇష్టం కాబట్టి బాధ లేదు. తీపి కోసం కొనేవారు మాత్రం నలుగురిని పిలిచి త్వరగా ముగించడం మేలు.

మంచు ముక్కలు వేసుకోవచ్చు అని కూడా ఒకప్పుడు ధీమాగా చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు ముక్కలు కరిగేసరికి నెయ్యి పూత పోయి, ఖరీదైన తీపి నీళ్లు మిగులుతాయి. చెంచాడు మామూలు నీళ్లు చాలు. సోడాతో తాగేవారికి జేమ్సన్ అనే మరో ఐరిష్ విస్కీ సుఖం, ఖర్చూ దాదాపు సగం.

ధర సంగతికి వస్తే, 2022 జనవరి నుంచి ఇక్కడ మద్యానికి కనీస ధర చట్టం ఉంది. 40 శాతం మద్యసారం ఉన్న 700 మిల్లీలీటర్ల సీసా ఏదైనా దాదాపు 22 యూరోలకు తక్కువ అమ్మకూడదు. రెడ్‌బ్రెస్ట్ ధర దానికి ఎప్పుడూ చాలా పైనే కాబట్టి ఆ చట్టంతో మనకు పని లేదు. పక్కనే నిలబడే విస్కీ గ్రీన్ స్పాట్. అదీ మిడిల్టన్‌దే, అదీ పచ్చి బార్లీదే. డబ్లిన్‌లోని మిచెల్ అనే వైను వ్యాపారులు పీపాల వయసు గుర్తుకు రంగు చుక్కలు పెట్టేవారట, పేరు అలా వచ్చింది. వయసులో చిన్నది, ఒంట్లో తేలిక, ఆపిల్ కోసినప్పటి వాసన. ఇక్కడ వేసవిలో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది. ఆ నెలల్లో నా చెయ్యి దాని మీదికే పోతుంది. ఐదేళ్ల భక్తుడు ఒప్పుకోవలసిన మాట కాదు, కానీ నిజం.

మరి కొనమంటానా? వారానికి ఒక గ్లాసుతో సరిపెట్టుకునే ఒంటరి మనిషిని, చలి దేశంలో ఉన్నాను, బట్టీ పక్క ఊళ్లోనే ఉంది. నాకు సరిపోయింది. హైదరాబాదులో ఉండి, దిగుమతి సుంకాలు కట్టి, మే నెల ఎండలో తాగవలసి వస్తే ఇంత ఇష్టపడేవాడినో లేదో. ఎవరైనా విదేశం నుంచి వస్తూ తెస్తామంటే వద్దనకండి, ఒక్కో ప్రయాణికుడికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు.

వచ్చే నెల నేనూ వెళ్తున్నాను. ఖాళీ అయిన సీసాల బిరడాలు ఇప్పుడు పారెయ్యడం లేదు, కడిగి ఆరబెట్టి డ్రాయరులో వేస్తున్నాను. బావగారి సీసాతో పాటు వాటిలో గట్టిది ఒకటి పెట్టెలో సర్దాను. అది ఎందుకో ఫోనులో ఆయనకు చెప్పలేదు.