చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద డీడీరెస్క్యూ: ఏళ్లుగా వాడుతున్నవాడి సమీక్ష

సర్వర్‌లో డిస్కులు పోయాయనగానే అందరూ ముందు వెతికేది రికవరీ సాఫ్ట్‌వేర్. నా లెక్కలో అది రెండో మెట్టు. పాడవుతున్న డిస్కు నుంచి చదవగలిగినంతా చదివేసి, మంచి డిస్కు మీదికి దించుకోవడం మొదటిది. ఆ పనికి నేను ఏళ్లుగా వాడుతున్నది గ్నూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ 2004లో మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రామ్. కమాండ్ లైన్ తప్ప కిటికీలూ బటన్లూ ఏమీ ఉండవు. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. మధ్యలో అండర్‌స్కోర్ ఉండే డీడీ_రెస్క్యూ వేరే మనిషి రాసిన వేరే ప్రోగ్రామ్, దాని ఆప్షన్లూ వేరు. ఒకదాని గురించి చదివి ఇంకోదాన్ని నడపకండి.

దీని ప్రాణమంతా మ్యాప్‌ఫైల్‌లో ఉంది. చూస్తే మామూలు టెక్స్ట్ ఫైల్. ఒక్కో వరుసలో ముక్క ఎక్కడ మొదలైందో, ఎంత పొడవుందో, చివర ఒక గుర్తు. ప్లస్ అంటే చదివేసింది, ప్రశ్నార్థకం అంటే ఇంకా ముట్టుకోలేదు, మైనస్ అంటే పాడైన సెక్టార్ (డిస్కు చదవగలిగే అతి చిన్న ముక్క). కరెంటు పోయినా, డిస్కు బిగుసుకుపోయినా, మనమే కంట్రోల్ సీ కొట్టినా అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. లినక్స్‌లో డిస్కు కాపీ చేసే మామూలు డీడీ కమాండ్‌లో ఈ సదుపాయం లేదు. పైగా దానికి నోఎర్రర్ (తప్పు వచ్చినా ఆగకు) ఇచ్చి సింక్ (చదవని చోటు సున్నాలతో నింపు) ఇవ్వకపోతే, మొదటి పాడు సెక్టార్ తర్వాతి డేటా అంతా పక్కకు జరిగిపోయి కూర్చుంటుంది. మ్యాప్‌ఫైల్‌ను మాత్రం ఎప్పుడూ మూడో డిస్కు మీద పెట్టుకోవాలి.

చదివే వరుస కూడా తెలివైనది. మొదటి విడతలో పెద్ద పెద్ద ముక్కలుగా లాగుతూ, మొరాయించిన చోటు వదిలేసి ముందుకు దూకుతుంది. తర్వాత వదిలేసిన చోట్ల అంచులు సరిచూస్తుంది, ఆఖర్న సెక్టార్ సెక్టార్‌గా గీకుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, డెస్క్‌టాప్ డిస్కు ఒక్క పాడు సెక్టార్ దగ్గర నిమిషానికి పైగా కొట్టుకుంటూ ఉండిపోవచ్చు. ఆ సమయమంతా దాని ఆయుష్షులోంచే పోతుంది. అందుకే నేను ముందు మైనస్ డీ (క్యాష్‌ను దాటి నేరుగా డిస్కు నుంచి చదువు), మైనస్ ఎన్ (గీకుడు వద్దు) ఇచ్చి ఒక విడత పూర్తి చేస్తాను. తర్వాత మ్యాప్‌ఫైల్‌ను రంగుల బొమ్మగా చూపించే డీడీరెస్క్యూవ్యూలో తెరుస్తాను, చదివేసిన చోట్లు ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుపచ్చ మధ్యలో ఒకే ఎడంతో చారలు కనిపిస్తే దాదాపుగా ఒక హెడ్ (పళ్లెం మీద డేటా చదివే తల) పోయినట్టే, ఇక గీకి లాభం లేదు. మచ్చలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే పళ్లెం ఉపరితలం దెబ్బతింది, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే కొంత వస్తుంది.

ఇక విసుగులు. గమ్యం డిస్కు అయినప్పుడల్లా మైనస్ ఎఫ్ (ఫోర్స్, అంటే పర్లేదు రాసెయ్) ఇవ్వాల్సిందే. అలవాటయ్యాక అది చేతికి దానంతటదే వచ్చేస్తుంది, కాబట్టి రక్షణగా దానికి విలువ లేదు. ఏది మూలం, ఏది గమ్యం అన్నది సీరియల్ నంబర్ చూసి, డెవ్ డిస్క్ బై-ఐడీ దారి నుంచి ఇవ్వడమే మంచిది. యూఎస్‌బీ డాక్‌లో అయితే డిస్కు మధ్యలో ఊడి, లినక్స్ దానికి పెట్టిన ఎస్‌డీబీ అనే పేరు కాస్తా ఎస్‌డీసీగా మారి తిరిగి వస్తుంది కూడా. అలా ఊడినప్పుడు బాగున్న ప్రాంతం కూడా పాడైనట్టు నమోదు కావచ్చు. తర్వాత మైనస్ ఎం (పెద్దక్షరం) ఇస్తే ఆ చోట్లు మళ్లీ చూస్తుంది. తెర మీద మిగిలిన సమయం అని చూపించే అంకెను నేను పట్టించుకోవడం మానేశాను. ఆఖరిసారి విజయవంతంగా చదివి ఎంతసేపైందో చెప్పే వరుస ఒక్కటీ చూస్తే చాలు.

ఒంటరి డిస్కు వరకు ఇంతే కథ. కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే రెయిడ్ దగ్గరే అసలు తంటా. నా దగ్గరికొచ్చే రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా తట్టుకునే రకం) కేసులు చాలావరకు ఒకేలా ఉంటాయి: ఒక డిస్కు ఎప్పుడో బయటికెళ్లింది, ఎవరూ చూడలేదు, ఇప్పుడు రెండోది పోయింది. అప్పుడు రీబిల్డ్ (పోయిన డిస్కును తిరిగి నింపడం) నొక్కడమో, ఫైల్ సిస్టమ్‌ను సరిదిద్దే ఎఫ్ఎస్‌సీకే నడపడమో కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. లినక్స్ రెయిడ్ అయితే ముందు ఆ రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ కమాండ్‌కు ఎగ్జామిన్ ఇచ్చి ఒక్కో డిస్కు ఈవెంట్ కౌంట్ (ఎంతవరకు తాజాగా ఉందో చెప్పే అంకె) చూడాలి. మిగతావాటికంటే బాగా వెనకబడినది పాతబడ్డ డిస్కు. ఆరోగ్యంగా ఉన్నా సరే దాన్ని పక్కన పెట్టాలి. క్లోన్ (యథాతథ కాపీ) చేయాల్సింది ఆఖర్న పోయినదాన్ని. రెయిడ్‌ను తనే నడిపే హార్డ్‌వేర్ కంట్రోలర్ వెనక ఉన్న డిస్కులను తీసి, నేరుగా డిస్కుగా చూపించే హెచ్‌బీఏ కార్డుకి తగిలించాలి. సెక్టార్‌కు 520 బైట్లు ఉండే ఎస్ఏఎస్ రకం సర్వర్ డిస్కులు వస్తే లినక్స్ వాటిని బ్లాక్ డివైజ్‌గా చదవనే చదవదు.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. చదవలేకపోయిన చోట అసలు డిస్కు ఎర్రర్ ఇస్తుంది, క్లోన్ ఇవ్వదు. కొత్త డిస్కులో అక్కడ సున్నాలుంటాయి. ముందు వాడేసిన డిస్కయితే ఎవరిదో పాత డేటా ఉంటుంది. అరే (రెయిడ్‌లో కలిసిన డిస్కుల గుంపు) దాన్ని నిజమే అనుకుని చదివేస్తుంది. ఫైలు తెరుచుకుంటుంది, సైజు సరిగ్గానే ఉంటుంది, లోపల మాత్రం గుంత. దీనికి మందు కూడా డీడీరెస్క్యూలోనే ఉంది. మ్యాప్‌ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, ఫిల్ మోడ్‌తో పాడు చోట్లన్నిటిలో ఏదైనా గుర్తుపదం నింపేస్తాను. తర్వాత మౌంట్ చేసి ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్‌తో ఆ పదాన్ని వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల జాబితా వచ్చేస్తుంది.

అయితే ఒక డిస్కు లేకుండా నడుస్తున్న రెయిడ్ 5లో ఇది సగం పనే చేస్తుంది. లేని డిస్కులోని ముక్కను మిగతావాటిని ఎక్సార్ (బిట్‌కు బిట్ కలిపే లెక్క) చేసి లెక్కగడతారు కదా, ఆ మిగతావాటిలో మన గుర్తుపదం ఉన్న ముక్క కలిస్తే ఫలితం చెత్త అవుతుంది, గుర్తు మాత్రం ఎక్కడా కనిపించదు. గ్రెప్‌కు దొరకలేదంటే ఫైలు బాగుందని కాదు. నేను మ్యాప్‌ఫైల్‌లోని మైనస్ చోట్లను బట్టి ఆ స్ట్రైప్ (డిస్కులన్నిటిలో ఒకే వరసలో ఉన్న ముక్కలు) మొత్తాన్ని అనుమానిస్తాను. డేటాబేస్ ఉంటే పేజీ చెక్‌సమ్‌లు (డేటా మారిందో లేదో పట్టించే లెక్కలు) నడుపుతాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వాటిని ముందే ఆన్ చేసి పెట్టిన అడ్మిన్‌లకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

క్లోన్లు చేతికొచ్చాక కూడా వాటి మీద నేరుగా అసెంబుల్ చేయను, అంటే అరేగా కూర్చను. డివైజ్ మ్యాపర్ స్నాప్‌షాట్ పెట్టి, రాతలన్నీ వేరే ఫైల్‌లోకి మళ్లిస్తాను. అప్పుడు అసెంబుల్ ఫోర్స్ కొట్టి చూసినా, ఏది తప్పినా ఆ ఫైల్ పారేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఎండీఆడ్మ్ క్రియేట్‌తో పాత అరేను మళ్లీ సృష్టించమనే సలహా నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఎండీఆడ్మ్ వెర్షన్ మారితే డేటా ఆఫ్‌సెట్ (డిస్కు మీద డేటా మొదలయ్యే చోటు) కూడా మారవచ్చు. ఆ సంగతి తెలియకుండా అసలు డిస్కుల మీద ఆ కమాండ్ నడిపితే ఆ తర్వాత మా లాంటివాళ్లకు పని బాగా పెరుగుతుంది.

డిస్కుల వరుస, చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద రాసే ముక్క పరిమాణం) తెలియని హార్డ్‌వేర్ రెయిడ్ అయితే డీడీరెస్క్యూ ఏమీ చేయలేదు, అది దాని పనే కాదు. అప్పుడు ఇమేజ్‌లను (డిస్కు కాపీలను) యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్, ఆర్-స్టూడియో లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్లకు ఇస్తాను, డబ్బు పెట్టినందుకు అవి బాగానే కనిపెడతాయి. ఫైల్ సిస్టమే మిగలకపోతే ఫోటోరెక్ ఉంది, కానీ ఫైళ్లు పేర్లు లేకుండా గుట్టగా వస్తాయి. ఫోటోలకు ఫర్వాలేదు, ఆఫీసు ఫైల్ సర్వర్‌కు నరకం.

టకటక శబ్దం చేసే డిస్కును దీనికి ఇవ్వకండి, కరెంటు తీసేసి క్లీన్‌రూమ్ ఉన్న ల్యాబ్‌కు పంపండి. ఎస్ఎస్‌డీల్లోనూ దీని ఉపయోగం తక్కువే. అవి పోయేటప్పుడు చాలాసార్లు ఒక్కసారిగా మాయమవుతాయి, బయోస్‌కే కనిపించవు. ట్రిమ్ అయిపోయిన (ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి చెప్పేసిన) బ్లాకులను చదివినా సాధారణంగా వచ్చేవి సున్నాలే.