తుపాకి రిబ్ (రెండు గొట్టాలనీ కలిపే పట్టీ) మీద లండన్ పేరు చూసి అడ్వాన్సు ఇచ్చేయకండి

జమీందారీ ఇంటి తుపాకి అంటూ భీమవరం చుట్టుపక్కల ఫోటోలు తిప్పుతున్నాయన మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. 12 బోరు (గొట్టం సైజు) డబుల్ బ్యారెల్, సైడ్‌లాక్ (పేల్చే యంత్రం పక్క రేకులకి బిగించి ఉండే రకం), లండన్ సరుకు అన్నాడు. నిన్న నాది 30 వేలు అడ్వాన్సు పోయిందండీ.

ఫోర్‌ఎండ్ (గొట్టాల కింది చెక్క) తీసి బ్యారెళ్ళు విడదీస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "నమ్మకం లేనోళ్ళు ఎందుకొచ్చారండీ?" అని పదిమందిలో అరిచాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. మొహమాటపడి డబ్బు చేతిలో పెట్టాకే విప్పనిచ్చాడు. ఛాంబర్ల (గొట్టాల వెనక తూటా కూర్చునే చోటు) కింద చదునైన చోట గుడ్డు ఆకారం గీత, లోపల ఈఎల్‌జీ అక్షరాలు, నక్షత్రం. అది బెల్జియంలోని లీజ్ ఊరి ప్రూఫ్ ముద్ర, అంటే గొట్టాలు పేల్చి పరీక్షించాక కొట్టేది. లండన్‌లో పరీక్షించిందైతే కిరీటం కింద జీపీ, ఇంకో కిరీటం కింద వీ ఉంటాయి. డబ్బు వెనక్కి అడిగితే "ముద్రలెందుకు, తుపాకి చూసుకోండి" అన్నాడు. ముద్రలు చూడకుండా ధర ఎలా కడతారండీ? ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

సైడ్‌లాకూ అబద్ధమే. పక్క రేకుల మీద లాకు పిన్నుల తలలు ఒక్కటీ లేవు. బాక్స్‌లాకుకి (యంత్రం నడిమి ఇనుప దిమ్మ లోపలే ఉండే రకం) అందం కోసం రేకులు బిగించారంతే. పైగా బ్యారెళ్ళు కోసేశారు. మూతి దగ్గర రెండు గొట్టాలూ దాదాపు ఆనుకోవాలి, దీనికి మధ్యలో సందు వచ్చి సీసంతో పూడ్చారు. కోస్తే చోక్ (మూతి దగ్గర గొట్టం కాస్త ఇరుకవడం) పోతుంది, గుళ్ళు చెదిరిపోతాయి.

గొట్టాల లోపల అద్దంలా మెరిస్తే మురిసిపోకండి. మన నరసాపురం ఉప్పుగాలికి పడ్డ తుప్పు గుంటలు పోయేదాకా అరగదీసి ఉంటారు. అరగదీస్తే గొట్టం లోపలి వ్యాసం పెరుగుతుంది; 12 బోరుకి మామూలుగా అది 0.729 అంగుళం, వెనక నుంచి 9 అంగుళాల దగ్గర కొలిపించండి. గొట్టం మందం ఎక్కడైనా 0.020 అంగుళానికి తగ్గితే వదిలేయండి. బ్యారెళ్ళు విడిగా వేలాడదీసి తడితే గంటలా మోగాలి, మొద్దుగా పలికితే రిబ్ అతుకు వదిలినట్టే.

పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటి ఛాంబరు పొడవు 65 మి.మీ. ఇప్పటి 70 మి.మీ. తూటా అందులో చక్కగా కూర్చుంటుంది, కానీ పేలినప్పుడు తూటా మడత మూతి విచ్చుకోడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది.

బ్యారెల్, ఫోర్‌ఎండ్, యాక్షన్ (గొట్టాలు బిగిసే నడిమి ఇనుప దిమ్మ) మూడింటి మీదా నంబరు ఒకటేనా, అదే అమ్మేవాడి లైసెన్సులో ఉందా చూసుకోండి. ఆయన ఈ వారం అమలాపురం వైపు వస్తున్నాడట.